సత్యం ఉద్యోగుల అనుభవం : ఒక పరిశీలన

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, గణిత – భౌతిక – కంప్యూటర్ శాస్త్రాల విభాగం)

మన కళాశాల నోటీసు బోర్డుమీద క్యాంపస్ ఇంటర్వ్యూల ప్రకటన అంటించిన నాటినుండి హాస్టలులో వేరే మాట లేదు. మెస్సులో సాంబారు పోసుకుంటూ ప్యాకేజీ, స్నానాల గది దగ్గర క్యూలో ప్యాకేజీ, రాత్రి దీపాలు ఆర్పాక కూడా ప్యాకేజీయే. ఏ కంపెనీ ఎంత ఇస్తుందో ప్రతివాడికీ నోటికి వచ్చు. ఆ కంపెనీలో చేరినవాడి దినచర్య ఎట్లా వుంటుంది, వాడి జీతం ఎక్కడనుండి పుడుతుంది, ఆ పుట్టుక ఆగిపోయిననాడు వాడి గతి ఏమిటి అన్న సంగతులు మాత్రం ఎవరూ ఎత్తరు. నేనూ ఎత్తలేదు. ఎత్తినవాడు మా నాన్న.

మాది గుంటూరు వైపు మిర్చి పండించే వూరు. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. ఇంటర్వ్యూ సంగతి ఫోనులో చెప్పి, ఫలానా కంపెనీలో లక్షమంది పైన పనిచేస్తున్నారని నేను గొప్పగా అంటే, ఆయన కాసేపు వూరుకుని, "అదంతా సరే గానీ, ఆ కంపెనీవాడి దగ్గర నిజంగా డబ్బులున్నాయంటావా?" అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక నవ్వు పోయింది. ఆయన ఆ ప్రశ్న వూరికే అడగలేదు. నా చిన్నప్పుడు ఒక శీతల గిడ్డంగిలో 40 టిక్కీల మిర్చి దాచి బాండు కాగితం తెచ్చుకున్నాడు. ధర వచ్చాక వెళ్లి చూస్తే కాగితం వున్నది, కాయ లేదు. లేని సరుకుకు బాండ్లు రాసి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నారట. ఆ బాండు యిప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున వున్నది.

మా నాన్న అడిగిన ప్రశ్ననే 2009 జనవరిలో మన హైదరాబాదులో వేలాదిమంది చదువుకున్న ఉద్యోగులు ఒకరినొకరు అడగవలసి వచ్చింది. అప్పటికి నేను మూడు నాలుగేళ్లవాణ్ణి. యీ వ్యాసం కోసమే ఆ సంగతులన్నీ వెతికి చదివాను. చదివినకొద్దీ యిది మన విద్యార్థులందరూ తెలుసుకోదగినదే అనిపించింది.

ముందుగా యీ కంపెనీల వ్యాపారం ఎట్లా నడుస్తుందో చెప్పాలి. మనలో చాలామందికి సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే ఏదో వస్తువు తయారుచేసి అమ్మే ఫ్యాక్టరీ అనే భ్రమ వున్నది. మన దేశంలో పెద్ద పేరున్న కంపెనీలలో ఎక్కువ భాగం వస్తువు అమ్మవు, పని అమ్ముతాయి. మా వూళ్లో వరికోత మిషను యజమాని చేసేది అదే. మిషను గంటకు యింత అని బాడుగ. పొలంలో తిరిగినంతసేపు డబ్బు, చెట్టుకింద నిలబడితే సున్న. సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా అమెరికాలోనో ఐరోపాలోనో వున్న ఖాతాదారుకు తన ఉద్యోగి పనిని గంటల లెక్కన గానీ, మొత్తం పని యింతకని గుత్తకు గానీ యిస్తుంది. డబ్బు వచ్చే పనిలో వున్న ఉద్యోగిని 'బిల్లింగు'లో వున్నాడంటారు. పని దొరకక ఎదురుచూసేవాణ్ణి 'బెంచి' మీద వున్నాడంటారు. తేడా ఏమిటంటే, చెట్టుకింద వున్న మిషనుకు డీజిలు పోయనక్కరలేదు. బెంచిమీద వున్న మనిషికి మాత్రం నెల తిరిగేసరికి జీతం యివ్వాలి. అందుచేత నూటికి ఎంతమంది బిల్లింగులో వున్నారన్నది ఆ కంపెనీకి నాడి వంటిది. యీ లెక్క అర్థమైతే అందులో పనిచేసేవాడి భయాలు సగం అర్థమైనట్లే. బెంచిమీదకు వచ్చినవాడు జీతం తీసుకుంటూ కూడా నిద్రపోలేడు.

ఇక వేళల సంగతి. చలికాలంలో న్యూయార్కులో ఉదయం 9 గంటలైతే మనకు రాత్రి 7.30. ఖాతాదారు ఆఫీసుకు వచ్చి కుర్చీలో కూర్చునేసరికి యిక్కడివాడు ఇంటికి పోవలసిన వేళ అవుతుంది. కాబట్టి పోడు. మా నాన్న రాత్రి కరెంటు వచ్చే వేళకు మోటారు దగ్గరకు టార్చిలైటు పట్టుకుని వెళ్లినట్టే వీళ్లూ రాత్రి ఫోనుల దగ్గర కూర్చుంటారు. చలిగదిలో కూర్చుంటారనేదే తేడా.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అనే కంపెనీ 1987లో హైదరాబాదులో పుట్టింది. స్థాపించినవాడు బి. రామలింగరాజు, పశ్చిమగోదావరి జిల్లా వ్యవసాయ కుటుంబంనుండి వచ్చినవాడు. 1991లో ఆ కంపెనీకి మొదటి పెద్ద అమెరికా ఖాతాదారు దొరికింది. ఆ ఖాతాదారు ఎవరో చదివి నేను ఆశ్చర్యపోయాను. జాన్ డీర్! మా వూళ్లో దుక్కికి కిరాయికి వచ్చే పచ్చ ట్రాక్టరు వాళ్లదే. ట్రాక్టర్లు చేసేవాడి లెక్కలు మన తెలుగు కుర్రవాళ్లు ఇక్కడినుండి చూడగలరని ఎవరూ అనుకోని రోజులవి. ఆ రోజుల్లోనే కంపెనీ షేర్లు మన మార్కెట్టులోకి వచ్చాయి. 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైంది, 2000 సంవత్సరం తేదీల మార్పు సమస్య పేరిట పని వెల్లువలా వచ్చిపడింది. 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్‌చేంజిలో కూడా ఆ పేరు ఎక్కింది. 2008 నాటికి ఉద్యోగులు సుమారు 53 వేలమంది. వాళ్లను ఉద్యోగులు అనేవారు కాదు, 'అసోసియేట్లు' అనేవారు, అంటే సహచరులని అర్థం. పేరు బాగానే వున్నది. సహచరులకు చూపించే లెక్కల పుస్తకం వేరు, అసలు లెక్క వేరు అన్నది తర్వాత తేలింది.

ఒక్క మాట యిక్కడే చెప్పాలి, లేకుంటే అన్యాయమవుతుంది. మన రాష్ట్రంలో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవను నడిపిన సంస్థను స్థాపించింది కూడా రామలింగరాజే. మా తాతను పాము కరిచిన రాత్రి వూళ్లోకి వచ్చింది ఆ బండే. అందుకని ఆ కథను నల్లగానో తెల్లగానో ఒకే రంగులో రాయడం నాకు చేతకావడం లేదు.

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ప్రపంచమంతా మాంద్యం. డిసెంబరు 16న సత్యం బోర్డు ఒక నిర్ణయం ప్రకటించింది. రాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. (సత్యం అనే పేరును ఇంగ్లీషులో వెనకనుండి చదివితే మేటాస్.) మదుపరులు గగ్గోలు పెట్టడంతో కొన్ని గంటలలోనే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆ తర్వాత రెండు రోజులకు కంపెనీ లోగుట్టు ఎరిగిన వ్యక్తి ఒకరు మారుపేరుతో ఒక స్వతంత్ర డైరెక్టరుకు ఈమెయిలు రాశారు. కంపెనీ దగ్గర చెబుతున్న నగదు లేదని దాని సారాంశం.

2009 జనవరి 7, బుధవారం. రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటకు వచ్చింది. పుస్తకాలలో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపించగా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయన ఒప్పుకున్నాడు. రాని వడ్డీ 376 కోట్లు వచ్చినట్లు చూపించారు. ఇవ్వవలసిన బాకీ 1,230 కోట్లు రాయలేదు. రావలసిన బాకీలను 490 కోట్లు ఎక్కువ చేసి రాశారు. తొలుత చిన్నగా వున్న తేడా ఏటేటా పెరిగిందని, పులిమీద స్వారీ వంటిదైందని, దిగితే పులి తినేస్తుందని ఆయన రాసుకున్నాడు. ఆ పోలిక చాలా పత్రికలకు నచ్చింది, శీర్షికలలో పెట్టుకున్నాయి. నాకు మాత్రం ఒకటే అనిపించింది. పులిమీద ఆయన ఒక్కడే కూర్చోలేదు. వెనక 53 వేలమంది వున్నారు, వాళ్లలో చాలామంది తాము కూర్చున్నది బస్సు సీటనుకున్నారు.

గణిత విద్యార్థిని కనుక కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. 5,361లో 5,040 తీసేస్తే మిగిలేది 321 కోట్లు. 53 వేలమందికి పంచి చూస్తే తలకు 60 వేల రూపాయలు, కాస్త అటూయిటూ. అంటే అంత పెద్ద కంపెనీ గల్లాపెట్టెలో ఒక్కొక్క ఉద్యోగి పేరుమీద వున్నది అంతే. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. ఉత్తరం ప్రకారం అసలు ఆదాయం 2,112 కోట్లు, లాభం 61 కోట్లు. నూటికి 24 రూపాయలు మిగులుతున్నాయన్న చోట మిగులుతున్నది 3 రూపాయలే.

యీ అంకెలను చూసి అందరూ లేని 5 వేల కోట్ల గురించే మాట్లాడతారు. నేను రెండవ అంకె దగ్గర ఆగిపోయాను. 2,112 కోట్లు నిజం. మూడు నెలల్లో అంత ఆదాయం నిజంగా వచ్చింది. ఎవరో రాత్రుళ్లు మేలుకుని ప్రోగ్రాములు రాసి, తప్పులు దిద్ది, ఖాతాదారు చేత అవుననిపించుకుంటేనే వచ్చింది. పంట నిజం, కాటా దొంగది. మా నాన్న 40 టిక్కీల సంగతీ అంతే కదా. ఆయన పండించని కాయ కాదు అది.

ఇంత పెద్ద అబద్ధం అన్నేళ్లు ఎట్లా దాగింది అని ఎవరైనా అడుగుతారు. సూత్రం చిన్నదే. చేయని పనికి బిల్లులు తయారుచేశారు. దర్యాప్తులో 7,561 దొంగ బిల్లులు తేలాయి. అవి కంపెనీ కంప్యూటరు వ్యవస్థలోనే వున్నాయి, కాని పని చేసే విభాగాల వాళ్లకు కనపడకుండా దాచి పెట్టారు. లేకపోతే ఏ ప్రాజెక్టు మేనేజరో "నా ప్రాజెక్టులో యీ బిల్లు ఏంటి, నేను పంపలేదే" అని అడిగేవాడు. బిల్లు వున్నది కాబట్టి డబ్బు రావాలి, వచ్చిన డబ్బు ఎక్కడో వుండాలి. అందుకని బ్యాంకులలో ఫిక్సెడ్ డిపాజిట్లు వున్నట్లు దొంగ కాగితాలు సృష్టించారు. ఆడిటరు అనేవాడు స్వయంగా బ్యాంకునుండి నేరుగా ఉత్తరం తెప్పించుకుని సరిచూసుకుంటే అక్కడితో కథ అయిపోయేది. గిడ్డంగి తలుపు తీసి టిక్కీలు లెక్కపెట్టడం వంటిదే అది. బాండు కాగితం చూసి సరేననుకుంటే యింకేమి చేస్తాం. భౌతికశాస్త్రంలో మనం శక్తి నిత్యత్వ నియమం చదువుకుంటాం. ఒకచోట పోయింది యింకొకచోట తేలాలి. యిక్కడ పుట్టని శక్తిని పుట్టినట్లు రాసి, దాన్ని నిలవ చేసినట్లు యింకో కాగితం రాశారు.

ఆ బుధవారం ఉద్యోగుల పరిస్థితిని ఒక్కసారి వూహించండి. మధ్యాహ్నానికల్లా టీవీలలో అదే వార్త. క్రితం రోజు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40 రూపాయలయింది. కంపెనీ తమ ఉద్యోగులకు షేర్లు కొనుక్కునే హక్కులు యిచ్చి వున్నది. ఏళ్లతరబడి వాటిని పిల్లల చదువుకని, ఇంటికని దాచుకున్నవాళ్లకు నాలుగింట మూడు వంతుల పైన ఒక్కరోజులో ఆవిరైంది. ఇక జనవరి జీతం వస్తుందా రాదా? యింటి అప్పు కంతు ఎట్లా? వేరే ఉద్యోగం చూసుకుందామంటే ప్రపంచమంతా మాంద్యం, ఎక్కడా తలుపు తెరిచి లేదు. పైగా దరఖాస్తుమీద రాయవలసిన కంపెనీ పేరు యిదీ.

అమెరికాలో వున్నవాళ్ల బాధ వేరు. హెచ్1బి వీసా మనిషికి కాదు, ఆ మనిషిని పిలిపించుకున్న కంపెనీకి ముడిపడి వుంటుంది. ఉద్యోగం పోతే వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు అనే నిబంధన 2017లో గానీ రాలేదు. 2009లో ఉద్యోగం పోవడమంటే దాదాపు ఆ పూటనుండే ఆ దేశంలో వుండే హక్కు పోవడం. బడికి పోయే పిల్లలు, తాకట్టులో కారు, అద్దె ఒప్పందం, అన్నీ వదిలి పెట్టె సర్దుకోవాలి.

అయినా వాళ్లు పని ఆపలేదు. యీ సంగతి నాకు అన్నిటికన్నా ఎక్కువగా నచ్చింది. ఆపితే ఏమయ్యేది? ఖాతాదారు కంపెనీల జీతాల లెక్కలు, సరుకు లెక్కలు, బీమా లెక్కలు ఆ రాత్రి నిలిచిపోయేవి. రెండో రోజునే ఖాతాదారులు వేరేవాళ్ల దగ్గరకు పోయేవారు. అప్పుడు నిజంగా వున్న ఆ 2,112 కోట్ల పని కూడా మిగలదు. కొందరు ఖాతాదారులు పోయారు, కాని ఎక్కువమంది నిలిచారు. యింటి పెద్ద జైలుకు పోయిన కుటుంబం మరునాడు పొలానికి నీళ్లు పెట్టినట్టు వాళ్లు పని చేసుకుపోయారు.

కేంద్ర ప్రభుత్వం చురుకుగా కదిలిందనే చెప్పాలి. పాత బోర్డును రద్దుచేసి జనవరి 11న కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లను నియమించింది, తర్వాత మరి ముగ్గురిని చేర్చింది. కొత్త బోర్డు మొదటి బాధ్యత జీతాలు. జనవరి జీతాలు అందాయి. బ్యాంకులనుండి 600 కోట్ల అప్పు ఏర్పాటు చేసుకున్నారు. ఫిబ్రవరి 5న ఎ.ఎస్. మూర్తిని ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఎంచుకున్నారు. ఆయన బయటివాడు కాదు, 1994నుండి ఆ కంపెనీలో పనిచేస్తున్నవాడే. కూలిన యింటిని నిలబెట్టడానికి యింట్లోవాణ్ణే పిలవడం ఉద్యోగులకు ఎంత ధైర్యమిచ్చి వుంటుందో ఆలోచించండి. ఏప్రిల్ 13న వేలం జరిగింది. టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టి 45 రూపాయల 90 పైసలు పెట్టాయి. టెక్ మహీంద్రాకు దక్కింది. జూన్‌లో కంపెనీ పేరు మహీంద్రా సత్యం అయింది.

ఉద్యోగాలు నిలిచాయా అంటే, సగం జవాబే చెప్పగలం. 2009 జూన్‌లో 'వర్చువల్ పూల్' అనే పథకం వచ్చింది. పని లేని వేలాదిమందిని ఉద్యోగంనుండి తీసివేయకుండా, ఆఫీసుకు రానక్కర లేకుండా, ఆరు నెలలపాటు మూల వేతనం, ప్రావిడెంట్ ఫండ్, వైద్య బీమా యిస్తామన్నారు. పని వస్తే పిలుస్తాం, వేరే ఉద్యోగం దొరికితే పోవచ్చు. ఒక్క వేటున తీసేయడంకన్నా యిది మేలే. కాని మూల వేతనం అనే మాట దగ్గర మన విద్యార్థులు ఆగాలి, ఎందుకంటే రేపు మనకు వచ్చే కాగితంలో కూడా ఆ మాట వుంటుంది.

నెలకు 30 వేలు జీతమనుకుందాం. అందులో మూల వేతనం 12 వేలు, ఇంటద్దె భత్యం కొంత, ప్రత్యేక భత్యం అని యింకొంత, అన్నీ కలిస్తే 30 అవుతుంది. ప్రావిడెంట్ ఫండ్ మూల వేతనంమీద నూటికి 12 చొప్పున కోస్తారు, అంటే 1,440. కంపెనీ కూడా అంతే వేస్తుంది. కొన్ని కంపెనీలు తాము వేసే ఆ 1,440ని కూడా మన ప్యాకేజీలోనే కలిపి చెబుతాయి, అది వేరే సంగతి. పూల్‌లో పడ్డ మనిషి చేతికి వచ్చేది ఆ 12 వేలు, అందులో కోతలు పోను. యింటి అప్పు కంతు మాత్రం 30 వేలను చూసి కట్టింది. హాస్టలులో మనం జపించే ప్యాకేజీ అంకెకు, కష్టకాలంలో నిలబడే అంకెకు మధ్య యింత దూరం వున్నది. మా వాళ్లకు యిది కొత్త కాదు. మిర్చి క్వింటాలు ధర ఎంతని వూరంతా చెప్పుకుంటుంది, తాలు కాయలు, కమీషను, లారీ బాడుగ పోను చేతికి ఎంతొచ్చిందో యింట్లో ఆడవాళ్లకే తెలుసు.

మా పెద్దమ్మగారి అబ్బాయి హైదరాబాదులో ఒక కంపెనీలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. (అది సత్యం కాదు, ఆ తర్వాతి కాలం. పేరు రాయను.) 2023లో ఒక మధ్యాహ్నం అతణ్ణి వీడియో కాలులోకి పిలిచి, మీరే రాజీనామా చేస్తే రిలీవింగ్ లెటరు శుభ్రంగా యిస్తాం, లేకపోతే మేమే తొలగించినట్లు రాయవలసి వస్తుంది అన్నారట. మాట్లాడిన అమ్మాయి ఎవరో అతనికి తెలియదు. పావుగంటలో అయిపోయింది. ఆ సంక్రాంతికి వూరికి వచ్చి మాతోపాటు కళ్లంలో కాయలు ఏరుతూ కూర్చున్నాడు. మా నాన్న అడిగాడు.

"ఏరా నాయనా, సంతకం ఎందుకు పెట్టావు? పెట్టను అంటే ఏం చేసేవాళ్లు?"

"అందరూ పెట్టారు బాబాయ్."

"అందరికీ ఒకేసారి చెప్పారా?"

"లేదు. ఒక్కొక్కళ్లకి విడివిడిగా."

మా నాన్న యింకేమీ అనలేదు. కాసేపటికి, "మరి అందరూ పెట్టారని నీకెట్లా తెలుసు?" అన్నాడు. అన్నయ్య తల ఎత్తలేదు, ఏరుతూనే వున్నాడు. అమ్మ లోపలినుంచి కాఫీ తెచ్చి మాట మార్చింది.

చట్టం సంగతి కూడా చూశాను. అప్పట్లో అమలులో వున్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాది సర్వీసున్న కార్మికుణ్ణి అవసరం లేదని తొలగిస్తే నెల ముందు నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం యివ్వాలి. రాజీనామా చేసినవాడు తొలగింపబడినవాడు కాదు కనుక అతనికి ఆ లెక్క వర్తించదు. ఆ ఒక్క సంతకం విలువ అదీ. పైగా పైపెచ్చు జీతంతో పర్యవేక్షణ పని చేసేవాడు ఆ చట్టం దృష్టిలో కార్మికుడే కాడు. మన కంపెనీలు నాలుగేళ్లకే ఎవరికైనా మేనేజరు అనో లీడ్ అనో పేరు తగిలిస్తాయి. ఆ పేరు పెళ్లిచూపులలో పనికొస్తుంది, లేబరు కోర్టులో ఎదురు తిరుగుతుంది.

తిరిగి సత్యం సంగతికి వస్తాను. హైదరాబాదులోని ప్రత్యేక సి.బి.ఐ. కోర్టు 2015 ఏప్రిల్ 9న తీర్పు చెప్పింది. రామలింగరాజుతో సహా పదిమంది దోషులని, ఏడేళ్ల శిక్ష అని. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్ష అమలును నిలిపి బెయిలు యిచ్చింది. ఆ పదిమందిలో యజమానుల కుటుంబంవాళ్లు, ఆడిటర్లు వున్నారు. ఆర్థిక విభాగంలో పనిచేసిన ఉద్యోగులు కూడా వున్నారు.

నన్ను ఎక్కువ రోజులు వేధించింది యీ చివరి మాటే. రేపు మనలో ఒకడు, బి.ఎస్సీ. చదివి చేరిన ఇరవై రెండేళ్లవాడు, పైఅధికారి ముందు నిలబడి వుంటాడు. "యీ ఎంట్రీ వెయ్యి, పైవాళ్లకు తెలుసు, సాయంత్రంలోగా కావాలి" అంటాడు ఆయన. ఎదురుగా కంప్యూటరు. ఆ ఒక్క ఎంట్రీ చూస్తే పెద్ద నేరంలా కనబడదు. 7,561 బిల్లులలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి వేళ్లమీదుగానే పోయి వుండాలి. వాడి జేబులో మా అన్నయ్యకు వున్నట్టే యింటి కంతు కాగితం వుంటుంది, వూళ్లో నాన్న చేసిన అప్పు వుంటుంది. వద్దండీ అనడానికి ఎంత ధైర్యం కావాలి! తర్వాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో షేరు మార్కెట్టులో వున్న కంపెనీలు ఉద్యోగులు భయం లేకుండా అక్రమాలను చెప్పుకునే ఏర్పాటు చెయ్యాలని రాశారు. మంచిదే. అయితే 2008లో ఆ ఈమెయిలు రాసిన వ్యక్తి కూడా మారుపేరుతోనే రాయవలసి వచ్చిందని మరిచిపోకూడదు.

నేనైతే ఎంట్రీ వెయ్యనని యీ సంచికలో గొప్పగా రాయగలను. కాని మా అన్నయ్య కూడా నాలాంటివాడే, నాకన్నా తెలివిగలవాడు. పావుగంటలో సంతకం పెట్టాడు.

ఆ ఉద్యోగుల సంగతి తర్వాత ఏమైందో చెప్పి ముగిస్తాను. 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు కంప్యూటరు సేవలు అందించింది యీ మహీంద్రా సత్యమే. పరువు పోయిన ఏడాదిన్నరకే ప్రపంచమంతా చూసే పోటీలను నడిపించిన మనుషులు వాళ్లు. 2013 జూన్‌లో కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, సత్యం అనే పేరు బోర్డుమీదనుండి పోయింది. బహదూర్‌పల్లిలో ఆ క్యాంపస్ యిప్పటికీ వున్నది, వేరే పేరు కింద.

నాకు ఇంటర్వ్యూ ఫిబ్రవరిలో. కంపెనీ వార్షిక నివేదిక ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కనుక దించుకుని చదువుతున్నాను. నగదు ఎంత, నిర్వహణ పనుల వలన చేతికి వచ్చిన డబ్బు ఎంత, ఆడిటరు ఏమి రాశాడు అన్న మూడు పేజీలకే నాకు వారం పట్టింది. కామర్సు విభాగం మిత్రుడు ఒకడు ఓపికగా చెబుతున్నాడు, బదులుగా వాడికి స్టాటిస్టిక్స్ చెప్పాలి. ఇంటర్వ్యూలో "మాకేమైనా ప్రశ్నలున్నాయా" అని చివర అడుగుతారట. మూల వేతనం ఎంత అని అడగాలనుకుంటున్నాను. అడిగితే ఉద్యోగం రాదని నా గదివాళ్లు అంటున్నారు.

మా కౌలు కాగితం ఉగాదికి తిరగరాయాలి. నీకు ఉద్యోగం వస్తే ఆ మూడెకరాలు వదిలేద్దామా, నడుము కూడా సహకరించడం లేదు అని నాన్న పోయిన వారం అడిగాడు. ఒక్క ఏడాది ఆగండి నాన్నా అన్నాను. సరేనన్నాడు. ఈ ఏడాది కౌలు ఎకరానికి పెంచారట, ఎంత పెంచారో మాత్రం చెప్పలేదు.